సగటు మనిషి బరువు

బి.ఎం.ఐ. అంటే ఒక భాగహారం, అంతే. బరువుని కిలోల్లో రాసుకోవాలి. ఎత్తుని మీటర్లలో రాసుకుని దాన్ని దాంతోనే హెచ్చవేయాలి. మొదటి అంకెని రెండో అంకెతో భాగిస్తే వచ్చేదే బాడీ మాస్ ఇండెక్స్. ఆరో తరగతి పిల్లలు చేసేయగలరు. కానీ ఈ చిన్న లెక్కకి ఇవాళ ఉన్న అధికారం మాత్రం చిన్నది కాదు. ఇన్సూరెన్స్ వాళ్ళు ప్రీమియం తేల్చే ముందు దీన్ని అడుగుతారు. ఆఫీసులో ఏడాదికోసారి జరిగే హెల్త్ చెకప్ రిపోర్టులో మొదటి పేజీలోనే ఇది కనిపిస్తుంది. 18.5 కంటే తక్కువైతే ఒక రంగు, 25 దాటితే ఇంకో రంగు, 30 దాటితే ఎరుపు. ఆ రంగు చూడగానే మనిషి ముఖం మారిపోతుంది. ఎర్రగడి వచ్చినవాడు మధ్యాహ్నం క్యాంటీన్‌లో ప్లేటు పట్టుకుని ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు నిలబడతాడు.

నేను డాక్టర్ని కాను. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. సర్వర్ల మీద అలారాలు పెట్టడం నా పనిలో ఒక భాగం. మెమరీ 80 శాతం దాటితే మోగాలా, 90 దాటితే మోగాలా అని గంటలకొద్దీ వాదించుకుంటాం. గీత కింద పెడితే అర్ధరాత్రి ఊరికే లేస్తాం, పైన పెడితే సర్వర్ పడిపోయాక లేస్తాం. ఆ గీతని ప్రకృతి గీయదు. ఏ నష్టాన్ని మనం భరించగలమో చూసుకుని మనమే గీస్తాం. బి.ఎం.ఐ. గురించి చదివేకొద్దీ నాకు ఇదే గుర్తొచ్చింది. కాకపోతే సర్వర్‌కి సిగ్గు ఉండదు, మనిషికి ఉంటుంది. జనాన్ని కొలవడానికి పుట్టిన అంకెకి ఒక మనిషి మీద తీర్పు చెప్పే హక్కు ఎక్కడినుంచి వచ్చింది? చూడ్డానికి వైద్యం ప్రశ్నలా ఉన్నా, ఇది నైతిక ప్రశ్న అని నాకు అనిపిస్తుంది.

*

ఈ లెక్క కనిపెట్టినవాడు డాక్టరు కాదు, ఖగోళ శాస్త్రవేత్త. పేరు అడాల్ఫ్ కెటెలే. 1796లో ఇప్పటి బెల్జియంలో ఉన్న గెంట్ నగరంలో పుట్టాడు, బ్రసెల్స్‌లో నక్షత్రశాల కట్టించాడు. 1835లో మనిషి గురించి రాసిన పుస్తకంలో, పెద్దవాళ్ళ బరువు దాదాపుగా ఎత్తు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని గమనించాడు. లావుకీ రోగానికీ సంబంధం వెతకడం అతని ఉద్దేశం కాదు. అతను వెతికింది 'సగటు మనిషి'ని.

ఆ కాలపు ఖగోళ శాస్త్రజ్ఞులకి ఒక అలవాటు ఉండేది. ఒకే నక్షత్రం స్థానాన్ని పదిమంది పదిసార్లు కొలిస్తే పది అంకెలు వస్తాయి. వాటి సగటుని అసలు స్థానంగా తీసుకుని, మిగిలిన తేడాలని కొలతలో దొర్లిన పొరపాట్లుగా లెక్కగట్టేవాళ్ళు. కెటెలే ఈ పద్ధతిని ఆకాశం నుంచి దించి మనుషుల మీద పెట్టాడు. స్కాట్లండ్ సైనికులు 5,738 మంది ఛాతీ కొలతలు తీసుకుంటే, అవీ నక్షత్రాల కొలతల్లాగే ఒక సగటు చుట్టూ గంట ఆకారంలో పేరుకున్నాయి. అక్కడ అతను ఒక పెద్ద గెంతు వేశాడు. ఆ సగటే ప్రకృతి గురిపెట్టిన అసలు మనిషి అన్నాడు. ఆ లెక్కన నువ్వూ నేనూ ఆ గురి తప్పిన బాణాలం.

నక్షత్రం ఒక్కటే. దానికి ఒక అసలు స్థానం ఉంది. ఐదువేల మంది సైనికుల వెనకాల ఒక అసలు సైనికుడు ఎక్కడా లేడు. వాళ్ళ మధ్య తేడాలు కొలిచేవాడి పొరపాట్లు కావు, నిజమైన తేడాలు. 'ఎక్కువమంది ఇలా ఉన్నారు' అనే మాట 'అందరూ ఇలా ఉండాలి' అనే మాటగా మారిపోవడం ఇక్కడే మొదలైంది. ఇవాళ మనం వాడే 'నార్మల్' అనే మాటలో ఈ రెండు అర్థాలూ కలిసిపోయి ఉన్నాయి. విడదీయడం కష్టం.

*

తర్వాత దీన్ని అందుకున్నది ఇన్సూరెన్స్ వ్యాపారం. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ లైఫ్ కంపెనీ పాలసీదారుల లెక్కల నుంచి 1940ల్లో ఒక పట్టికనీ, 1959లో ఇంకో పట్టికనీ తయారుచేసింది. ఏ ఎత్తువాళ్ళు ఎంత బరువుంటే ఎక్కువకాలం బతుకుతున్నారు అన్నది దాని సారం. మొదటి పట్టికలో బరువుని 'ఆదర్శం' అన్నారు, రెండోదానికి వచ్చేసరికి 'కోరదగినది' అన్నారు. ఎవరు కోరదగినది? పాలసీ డబ్బు తొందరగా చెల్లించాల్సి రాకూడదని కోరుకునే కంపెనీ కోరదగినది. అందులో తప్పేమీ లేదు, వ్యాపారం అలాగే చేస్తారు. కానీ ఆ పట్టికే డాక్టర్ల గోడలకి ఎక్కింది.

1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఈ గందరగోళాన్ని సర్దడానికి పూనుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో 36 మంది వాలంటీర్లని అర్ధాకలితో ఉంచి, ఆకలి మనిషిని ఏం చేస్తుందో గమనించినవాడు ఇతనే. ఐదు దేశాల్లో ఏడువేలమందికి పైగా మగవాళ్ళని కొలిచి, చర్మం మడత మందంతో పోల్చి, ఉన్న సూత్రాల్లో కెటెలేదే పనికొస్తుందని తేల్చాడు. 'బాడీ మాస్ ఇండెక్స్' అన్న పేరు పెట్టిందీ అతనే. గమనించాల్సిన విషయం, కొలిచింది మగవాళ్ళని మాత్రమే. జనాభాలని పోల్చి చూడటానికి ఇది చవకైన, సులువైన సాధనం అన్నది అక్కడ తేలిన సంగతి. ఒక్కొక్క మనిషికి సర్టిఫికెట్ ఇవ్వడానికి కాదు.

ఆ తర్వాత గీతలు కదులుతూ పోయాయి. 1998లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్.ఐ.హెచ్. 'ఓవర్‌వెయిట్' గీతని మగవాళ్ళకి 27.8 నుంచి, ఆడవాళ్ళకి 27.3 నుంచి 25కి దించింది. ఒక్క గ్రాము కూడా పెరగకుండా, ఒక్క పూటలో రెండు కోట్లకు పైగా అమెరికన్లు 'ఓవర్‌వెయిట్' అయిపోయారు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా జనాలకి 23, 27.5 దగ్గర అదనపు గుర్తులు పెట్టారు, అంతర్జాతీయ గీతల్ని మాత్రం కదపలేదు. 2009లో మన దేశపు డాక్టర్లు కలిసి, భారతీయులకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అన్నారు. ప్రభుత్వం చేసే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం ఇంకా 25నే వాడుతోంది. నా ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, బి.ఎం.ఐ. 24. సర్వే వాళ్ళొస్తే నేను నార్మల్. ల్యాబ్ రిపోర్టులో ఓవర్‌వెయిట్. శరీరం అదే, పొట్ట అదే.

*

మా ఊరు బంగారుపాళ్యం. చిత్తూరు నుంచి బెంగుళూరు పోయే దారిలో, మొగిలి ఘాటు ఎక్కక ముందు వస్తుంది. జూన్, జూలైల్లో తోతాపురి మామిడి లోడ్లతో మార్కెట్ యార్డు బయట ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఆ ఊళ్ళో మా ఇంటి మనుషులు ఇద్దరి సంగతి చెప్పాలి.

మా చిన్నాయన ఐదడుగుల ఆరంగుళాలు, 60 కిలోలు. బి.ఎం.ఐ. 21 చిల్లర. ఏ గీతతో చూసినా నార్మల్. చేతులూ కాళ్ళూ సన్నం, చొక్కా వేసుకుంటే కనబడని చిన్న పొట్ట. "వానికేమి, పుల్ల మాదిరి ఉండాడు, షుగరూ బీపీ వాని పక్కకే రావు" అని ఊరంతా అనేది, ఆయనా నమ్మేవాడు. ఆశా కార్యకర్త టేపు పట్టుకుని ఇంటికి వచ్చిన రోజున, "నన్నెందుకు కొలిచేది ఆశమ్మా, మా వదిన్ని కొలువు పో" అని తోటలోకి వెళ్ళిపోయాడు. కాలికి దెబ్బ తగిలి నాలుగు వారాలైనా మానకపోతే అప్పుడు రక్తం చూశారు. షుగరు మూడొందలు దాటి ఉంది. ఎన్నేళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు. చివరికి రాయవేలూరులో రెండు కాలివేళ్ళు తీసేశారు. ఆయనకి అప్పుడు 52 ఏళ్ళు.

ఆ వదిన మా అమ్మ. ఐదడుగుల కంటే కాస్త తక్కువ, 150 సెంటీమీటర్లు, 68 కిలోలు. బి.ఎం.ఐ. 30 దాటింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం అని చూపించుకోడానికి పోతే, ఒక ప్రైవేటు క్లినిక్‌లో రెండేళ్ళపాటు ఒకటే మాట చెప్పారు. "ముందు బరువు తగ్గమ్మా." అమ్మ రాత్రిపూట సంగటి మానేసింది. ఊరిబిండిలో నూనె మానేసింది. తర్వాత మాంసం మానేసింది. ఆయాసం తగ్గలేదు. ఇంకోచోట ఎవరో రక్తపరీక్ష రాస్తే హిమోగ్లోబిన్ 7.8 అని తేలింది. లావుగా ఉన్న మనిషికి రక్తం తక్కువ ఉండొచ్చు అనే ఆలోచన రెండేళ్ళపాటు ఎవరికీ రాలేదు. కళ్ళకి బరువు అడ్డం వచ్చింది.

ఒకే ఇంట్లో ఒకే అంకె రెండు రకాలుగా పనిచేసింది. చిన్నాయన విషయంలో అది 'ఇక్కడేం లేదు' అని చెప్పి తలుపు మూసేసింది. అమ్మ విషయంలో 'అంతా ఇక్కడే ఉంది' అని చెప్పి మిగతా తలుపులన్నీ మూసేసింది. నిజానికి అక్కడ ఎవరూ కాలిక్యులేటర్ తీయలేదు. అంకె మనుషుల చూపులోకి దిగిపోయాక కాలిక్యులేటర్ అవసరం ఉండదు.

*

చిన్నాయన లాంటివాళ్ళ గురించి వైద్యంలో ఒక ప్రసిద్ధమైన ఫోటో ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పూణే డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. కానీ యంత్రంతో కొలిస్తే శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. ఒకాయన పరుగుపందాల మనిషి, రెండో ఆయన పరిగెత్తేది ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకోకముందు అందుకోవడానికి మాత్రమేనని వాళ్ళే జోకేసుకున్నారు. జోకు పక్కన పెడితే, తరాజుకి కండా కొవ్వూ ఒకటే. రెంటికీ తేడా దానికి తెలియదు.

యాజ్ఞిక్ బృందం పూణే పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండు పిల్లలతో పోల్చింది. అక్కడ సగటున మూడున్నర కిలోలు, ఇక్కడ 2.7 కిలోలు. మన పిల్లలకి కండ తక్కువ, కడుపు కొలత తక్కువ, కానీ ఒంట్లో కొవ్వు మాత్రం ఆ తేడాకి తగ్గట్టు తగ్గలేదు. చూడ్డానికి సన్నం, లోపల లావు. తల్లి గర్భంలో ఉండగానే అరకొర తిండికి అలవాటుపడిన శరీరం, దొరికినదాన్ని కొవ్వుగా దాచుకోవడం నేర్చుకుంటుందని ఒక వివరణ.

అది నిజమైతే ప్రశ్న మొత్తం మారిపోతుంది. 'నీ ఆరోగ్యం నీ చేతుల్లో' అని పోస్టర్లు చెబుతాయి. కానీ మా చిన్నాయన శరీరం ఎలా దాచుకోవాలో, అవ్వ కడుపుతో ఉండి ఒకపూట తిన్న రోజుల్లోనే కొంత నిర్ణయమైపోయి ఉంటే, ఎవరి చేతుల్లో?

దీనికి మన దగ్గరే ఒక సాక్ష్యం ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అంగన్‌వాడీ పథకం కింద రోజూ మొక్కజొన్న–సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగిలిన 14 పల్లెలకి ఆ పథకం అప్పటికింకా రాలేదు. 2003–05లో ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళయ్యాక 1,165 మందిని మళ్ళీ కొలిచారు. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. వాళ్ళ శరీరాలు ఇన్సులిన్‌ని మెరుగ్గా వాడుకుంటున్నాయి, రక్తనాళాలు కాస్త మెత్తగా ఉన్నాయి. ఒంట్లో కొవ్వు విషయంలో మాత్రం రెండువైపులా పెద్ద తేడా లేదు. ఒక గిన్నెడు ఉప్మా చేసిన మేలు లోపల ఉంది, తరాజుకి కనబడలేదు.

శరీరానికి ఎంత కావాలో అంకెతో తేల్చడం మా ప్రాంతానికి కొత్త కాదు. 1877 కరువులో ఇప్పటి చిత్తూరు జిల్లా లేదు, అది 1911లో ఏర్పడింది. అప్పుడీ నేల ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల కింద ఉండేది. కరువు పనులకి వచ్చిన కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం చాలునని, వైస్రాయ్ లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. రాళ్ళు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఎదురు వాదించాడు. కొన్ని నెలలకి మద్రాసు ప్రభుత్వం ఆ కొలత పెంచాల్సి వచ్చింది. ఈలోపు పోయినవాళ్ళు పోయారు. ఆ కరువు నుంచి మా చిన్నాయన షుగరు దాకా ఒక తిన్నని గీత గీసేయడం నా ఉద్దేశం కాదు, అలాంటి రుజువు లేదు. అంకె వెనకాల ఎప్పుడూ ఒక ఖర్చు లెక్క ఉంటుందని మాత్రమే అంటున్నాను.

*

ఇంతదూరం వచ్చాక చాలామంది రాసే ముగింపు ఒకటుంది. బి.ఎం.ఐ. బూటకం, అవతల పారేయండి. నేను దానికి ఒప్పుకోను.

1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక వాదన చేశాడు. భారతదేశపు పేదపిల్లలు చాలామంది పొట్టిగా, చిన్నగా ఉన్నారు కానీ ఆరోగ్యంగానే ఉన్నారు, 'చిన్నవాళ్ళే, కానీ ఆరోగ్యవంతులు' అన్నాడు. వినడానికి ఉదారంగా ఉంటుంది. వాళ్ళ శరీరం వాళ్ళది, పాశ్చాత్య కొలతలు మనకెందుకు అన్నట్టుంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థని ఏళ్ళతరబడి నడిపిన సి. గోపాలన్ దీన్ని తీవ్రంగా ఖండించాడు. చిన్నగా ఉంటే చాలునన్న సూత్రం పేదవాళ్ళకేనా, ధనవంతుల పిల్లలకి వర్తించదా అన్నది ఆయన ప్రశ్న. కొలత తీసేస్తే ముందుగా మాయమయ్యేది పేదవాడి ఆకలి.

ఆ అంకె లేకపోతే, 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 36 శాతం మంది 25 గీతకి పైన, దాదాపు 15 శాతం మంది 18.5 గీతకి కింద ఒకేసారి ఉన్నారని మనకి తెలిసేది కాదు. ఒకే రాష్ట్రంలో ఆకలీ, అతిబరువూ పక్కపక్క వీధుల్లో ఉన్నాయని చూపించింది ఈ చవక భాగహారమే. అంకె లేకపోతే మిగిలేది కంటిచూపు. దానికంటే పక్షపాతి ఇంకొకటి లేదు. పండగకి ఊరెళ్ళితే "ఏం నాయనా, ఇట్ల చిక్కిపోయినావు" అంటుంది ఒక అత్త. అదేరోజు సాయంత్రం ఇంకో మామ "ఒళ్ళు చేసినావే" అంటాడు. ఇద్దరూ ప్రేమతోనే అంటారు. పాత తెలుగులో 'లావు' అంటే బలం. మన మాటలు కూడా కాలంతోపాటు గీతలు మార్చుకుంటూనే వచ్చాయి.

మా అమ్మ రాగిపిండి జల్లించేటప్పుడు చూస్తుంటాను. జల్లెడ పిండిని వేరుచేస్తుంది. పైన మిగిలినదాంట్లో రాయి ఉండొచ్చు, నలగని గింజ ఉండొచ్చు. ఏది ఏదో జల్లెడకి తెలియదు. అమ్మ వేలితో కదిపి చూస్తుంది. గింజనైతే మళ్ళీ మరకి వేస్తుంది, రాయినైతే పారేస్తుంది. కిందపడిన పిండినీ ఒకసారి పిడికిట్లోకి తీసుకుని చూస్తుంది, సన్న ఇసుక జల్లెడలోంచి జారిపోగలదు కాబట్టి. స్క్రీనింగ్ అంటే ఇంతే. తీర్పు చెప్పడం దాని పని కాదు, ఎక్కడ వేలుపెట్టి చూడాలో చూపించడం దాని పని. 2025 జనవరిలో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం లాన్సెట్ అనుబంధ పత్రికలో ఇదే చెప్పింది. బి.ఎం.ఐ. ఒక్కదాన్ని బట్టి ఊబకాయం రోగమని తేల్చొద్దు, నడుము కొలత లాంటిది ఇంకోటి చూడండి, అవయవాలకి నిజంగా హాని జరుగుతోందా చూడండి అని.

నడుము కొలత సంగతి మా ఆశమ్మకి ముందే తెలుసు. ముప్ఫై దాటిన ప్రతి మనిషికీ ఆమె నింపాల్సిన ఫారంలో మార్కులు పడేది నడుముకి. ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటితే ఒక మార్కు, ఇంకో పది దాటితే రెండు. వయసు, పొగ, మందు, ఒళ్ళు కదిలించడం, ఇంట్లో ఎవరికైనా షుగరో బీపీనో ఉందా అనేవి మిగతా ప్రశ్నలు. నాలుగు దాటితే పరీక్షకి ముందు వరస. చిన్నాయన ఆ రోజు తోటలోకి పోకుండా నిలబడి ఉంటే, ఆ చిన్న పొట్టని టేపు పట్టుకునేదేమో. అంకెకంటే ముందు ఊరు ఆయనకి 'నార్మల్' అని తీర్పిచ్చేసింది.

అందుకే నా దృష్టిలో అసలు నైతిక ప్రశ్న సూత్రంలో లేదు. సూత్రం తర్వాత ఏముంది అన్నదాంట్లో ఉంది. 1968లో విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం స్క్రీనింగ్‌కి నియమాలు రాశారు. వాటిల్లో ఒకటి, రోగాన్ని నిర్ధారించడానికీ చికిత్స చేయడానికీ ఏర్పాట్లు ఉండాలి అన్నది. ఏర్పాటు లేకుండా వెతికితే, ఆ మనిషికి నువ్వు ఇచ్చేది ఒక ముద్ర మాత్రమే. బెంగుళూరులో నా 24 వెనకాల రక్తపరీక్ష ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, డైటీషియన్‌తో వీడియో కాల్ ఉంది. నా అంకె ఒక సంభాషణకి మొదలు. మా అమ్మ 30కి ఆ క్లినిక్‌లో అదే ఆఖరి మాట అయింది.

ఒక మనిషిని కొలిచినవాడికి ఆ మనిషి పట్ల బాకీ ఉంటుంది. కనీసం ఇంకొక్క ప్రశ్న అడగాల్సిన బాకీ. 'ఆయాసం ఎప్పటినుంచి?', 'మీ నాయనకి షుగరు ఉండేదా?', 'రోజూ ఏం తింటారు, ఎవరు తిన్నాక తింటారు?' వీటిల్లో దేనికీ యంత్రం అక్కర్లేదు, రెండు నిమిషాలు కావాలి. అమ్మకి ఐరన్ మాత్రలు మొదలుపెట్టి ఆరునెలలైంది. హిమోగ్లోబిన్ 11కి వచ్చింది, మెట్లెక్కుతోంది. బరువు 68 కిలోల దగ్గరే ఉంది. రిపోర్టులో ఆ గడి ఇంకా ఎర్రగానే ఉంది.